‘వదిలెయ్’ అంటే సరిపోదు, దించే చెయ్యి కావాలి

సంపాదకుల వారికి,

జిల్లా పేజీలోనో, ఆదివారం అనుబంధంలోనో ‘మనసులో బరువులు దించేసుకోండి’ తరహా వ్యాసం తరచూ కనిపిస్తుంది. కోపం వదిలెయ్యండి, గతం వదిలెయ్యండి, ఇంట్లో పాత సామాను వదిలెయ్యండి అంటూ పది చుక్కలు పెట్టి పది మాటలు. చదవడానికి బాగానే ఉంటాయి. ఎలా వదలాలి, ముందు ఏది వదలాలి, అసలు వదలకూడనిది ఏది అన్నది మాత్రం ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కుటుంబాలకు సలహాలు చెప్పే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ మిగిలిన సగం రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది. కుదిస్తే మళ్లీ ఆ పది చుక్కలే మిగులుతాయి.

నెత్తి మీద నిండు తట్ట ఉన్న మనిషి దాన్ని ఒంటరిగా దించుకోలేదు. బలవంతాన వంగితే మెడ పట్టేస్తుంది, తట్ట ఒలికిపోతుంది. ఎదురుగా ఇంకొకరు చెయ్యి వేస్తేనే దిగుతుంది. మనసు మీది బరువూ అంతే. ‘పోనీలే అప్పా, వదిలెయ్’ అనేవాళ్లకు కొదవ లేదు, ఆ చెయ్యి వేసేవాళ్లే తక్కువ.

ముందు ఆలోచనల సంగతి. రాత్రి పడుకోగానే మొదలయ్యే గోలకు ఊళ్లో అందరూ చెప్పే మందు ‘ఆలోచించకు’. ఇది పనిచెయ్యదు సరికదా, ఎదురు తిరుగుతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, ఆలోచన వస్తే గంట కొట్టమని చెప్పాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ‘ఇక ఆలోచించుకోవచ్చు’ అని చెప్పగానే, మొదటినుంచీ ఆలోచించినవాళ్ల కంటే వీళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. కూతురి పెళ్లి అప్పో, అన్నగారి మాటో మనకు ఎలుగుబంటి కంటే దగ్గరివి. వాటిని నెట్టేస్తే ఊరుకుంటాయా?

నెట్టేసే బదులు వాటికో వేళ పెట్టాలి. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. సాయంత్రం దీపాలు పెట్టాక, వంట మొదలుపెట్టేలోపు ఆ వేళ కుదురుతుంది. వీధి అరుగైనా, పెరట్లో బల్లయినా సరే, మంచం మాత్రం వద్దు. మంచం మీద కూర్చుని దిగులుపడటం అలవాటైతే, మంచం చూస్తేనే దిగులు గుర్తొస్తుంది. పగలు ఏ చింత వచ్చినా చిన్న కాగితం మీద రెండు మాటల్లో రాసి (‘తమ్ముడు – ఫోను’, ‘గెడ్డ పక్క పొలం’) సాయంత్రానికి వాయిదా వెయ్యాలి. వేళకు కూర్చున్నాక ఆ కాగితం చూస్తూ ఒక్కొక్కదాన్నీ రెండు వైపులకు చెయ్యాలి: రేపు ఏదో ఒకటి చెయ్యగలిగినవి ఒక వైపు, చేతిలో లేనివి ఇంకో వైపు. మొదటి వైపు వాటి పక్కన చెయ్యాల్సిన పని, తేదీ రాయాలి. ‘బ్యాంకు సంగతి చూడాలి’ అని రాస్తే లాభం లేదు. ‘మంగళవారం పదింటికి పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకు’ అని ఉండాలి. రెండో వైపువి ఒకసారి చదివి, సమయం అయిపోగానే లేచిపోవాలి.

ఎక్కువమంది దీన్ని వారం రోజుల్లో మానేస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు ‘సాయంత్రం చూద్దాం’ అంటే మనసు నమ్మదు, మళ్లీ మళ్లీ అదే తెస్తుంది. వేళకు కూర్చుంటామని దానికి నమ్మకం కుదరాలి. అందుకే ఒక్క రోజు కూడా వేళ తప్పకుండా రెండు వారాలు నడపాలి. ఇంకో తప్పు, ఆ వేళలో పక్కింటావిడను కూర్చోబెట్టుకుని చెప్పుకోవడం. అది కబుర్లకు పోతుంది, కాగితం మడతలోనే ఉండిపోతుంది.

పూర్తికాని పనులే ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే రాసింది. ఆ పని చేసేస్తేనే కాదు, ఎప్పుడు ఎలా చెయ్యాలో రాసి పెట్టుకున్నా మెదడు దాన్ని పట్టుకు వేలాడటం తగ్గిస్తుంది. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనుల జాబితా రాసినవాళ్లకు, చేసేసిన పనులు రాసినవాళ్ల కంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్ర పట్టింది. తొమ్మిది నిమిషాలేనా అనిపించవచ్చు. నిద్రమాత్రకు ముందు ఐదు నిమిషాలు, ఒక పెన్సిలు ఖర్చు పెట్టి చూస్తే పోయేదేముంది?

ఊపిరి సాధన గురించి ఊరూరా చెబుతున్నారు కాబట్టి ఒక్క మాట. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. ఐదు నిమిషాలు చాలు. కళ్లు తిరిగితే గట్టిగా, గబగబా పీలుస్తున్నారని అర్థం.

పాత గాయాలకు రాత మంచి సాధనం. జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో మొదలుపెట్టిన పద్ధతి ఇది: పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, వరసగా నాలుగు రోజులు, ఒకే సంఘటన గురించి, చెయ్యి ఆపకుండా రాయాలి. తప్పులు దిద్దుకోనక్కర్లేదు. జరిగింది మాత్రమే కాదు, అప్పుడు ఏమనిపించిందో కూడా రాయాలి. రాయగానే గంటో రెండు గంటలో మనసు ఇంకా బరువెక్కుతుంది. అది మామూలే. కానీ చెయ్యి వణికి, ఊపిరి ఆడనంత అయితే అక్కడే ఆపి వేరే విషయం రాయాలి. దుర్ఘటన జరిగిన వారంలోనే మొదలుపెట్టకూడదు, నెలో రెండు నెలలో గడవాలి. మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కుంది. నలుగురు తిరిగే ఇంట్లో నోటుపుస్తకం ఎవరి కంటో పడుతుంది, పాత గొడవ పోయి కొత్త గొడవ వస్తుంది. అందుకే విడి కాగితాల మీద రాసి, నాలుగో రోజున చింపి పారెయ్యండి. ఉపయోగం రాయడంలోనే ఉంది, దాచుకోవడంలో లేదు. చదువు రానివాళ్లు నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పుకోవడం మేలు. ఫోనులో రికార్డు చేసుకుంటామంటారు కొందరు. వేలు జారి అది బంధువుల వాట్సాప్ గ్రూపులో పడితే ఆ బరువు దించడం ఎవరి తరమూ కాదు.

ఇక పోయినవాళ్ల వస్తువులు. అన్నింటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పెద్దకర్మ అయిన మర్నాడే చుట్టాలు పూనుకుని అలమర ఖాళీ చేసేస్తారు. ‘ఇవి కంటబడితే ఏడుస్తావు’ అని మంచి మనసుతోనే చేస్తారు. ఆరు నెలల తర్వాత ఆ ఇల్లాలు ఆయన కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంది. ఎవరు ఎక్కడ పడేశారో ఎవరికీ తెలియదు. కొన్నిళ్లలో దీనికి పూర్తిగా ఉల్టా: పన్నెండేళ్లయినా చొక్కా అదే కొంకికి వేలాడుతుంది, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు ఏటేటా మారుతుంటాయి, పెట్టె మాత్రం తెరవరు.

మొదటి నెల దేన్నీ కదపకండి, మందులు తప్ప. మిగిలిపోయిన మందులను మట్టితోనో, వాడేసిన టీ పొడితోనో కలిపి కవరులో కట్టి చెత్తలో వెయ్యాలి. మామూలుగా మరుగుదొడ్డిలో పొయ్యకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, మంటలో వెయ్యకూడదు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలన్నది దగ్గరి మనిషే చెప్పాలి. రోజుకు ఒక అర, ఒక గంట. ఇద్దరుండాలి. ఆ రెండో మనిషి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఉంచుదామా, ఇచ్చేద్దామా, తర్వాత చూద్దామా?’ ఏ జవాబు వచ్చినా ‘ఇదెందుకు దాచుకుంటావు’ అనకూడదు. ఈ మాట అనకుండా ఉండగలిగినవాళ్లనే పిలవాలి, అలాంటివాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురే ఉంటారు.

వరస ముఖ్యం. చేతికర్ర, చెప్పులు, గొడుగు లాంటి వాటితో మొదలుపెట్టి మామూలు బట్టల మీదుగా వెళ్లాలి. ఒంటివాసన అంటుకున్న కండువా, తలగడ గలీబు, చివరిసారి కట్టిన చీర తర్వాత. చేతిరాత, ఫొటోలు అన్నింటికన్నా ఆఖరు. ఫొటోలతో మొదలుపెడితే మొదటి గంటలోనే అంతా ఆగిపోతుంది, మళ్లీ ఏడాదికి గానీ పెట్టె తెరవరు. ‘ఇచ్చేద్దాం’ అన్న మూట ఆ రోజో మర్నాడో గడప దాటాలి. మూలన ఉంచితే నాలుగో రోజుకు మళ్లీ పెట్టెలోకి చేరుతుంది. బట్టలు ఉతికి, గుండీలు కుట్టి, కాస్త దూరపు ఊళ్లో ఇవ్వండి. పక్క వీధిలో ఇస్తే, నాన్న గళ్లచొక్కా రోజూ పాలకేంద్రం దగ్గర ఎదురవుతుంది. అది తట్టుకోవడం తేలిక కాదు. ‘తర్వాత చూద్దాం’ వాటికి ఒకే ఒక్క పెట్టె, మూత మీద తేదీ. ఆరు నెలలకు మళ్లీ తెరవాలి. కొందరు పుస్తకాల్లో చదివి ‘తెరవకుండానే పారెయ్యమన్నారు’ అంటారు. పాత సీసాలకైతే సరే, అమ్మ చీరలకు ఆ సలహా పనికిరాదు.

ఫోను సంగతి విడిగా చెప్పాలి. పోయినవాళ్ల గొంతు అందులో ఉంటుంది. బ్యాటరీ ఉబ్బి ఫోను చచ్చిపోకముందే రికార్డింగులు, వాయిస్ మెసేజీలు ఇంకో రెండు చోట్ల దాచండి. సిమ్ము వెంటనే తీసెయ్యకండి. ఏ బీమా ప్రీమియం కడుతున్నారో, ఏ వాయిదా నడుస్తోందో ఆ నంబరుకు వచ్చే మెసేజీలే చెబుతాయి. రీచార్జి లేక, వాడకం లేక మూడు నెలలు దాటితే నంబరు పోతుంది. అయితే ఆ ఫోనుతో గానీ, ఏటీఎం కార్డుతో గానీ డబ్బు తియ్యకూడదు. నామినీ అర్జీ ద్వారానే తీసుకోవాలి. పాసుబుక్కులో మే నెలాఖరున, జూన్‌లో 436 రూపాయలు, 20 రూపాయలు కోత పడ్డాయేమో చూడండి. 436 ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 ఉంటే సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో పోయినా రెండు లక్షలు, రెండోది ప్రమాదంలో పోతే రెండు లక్షలు. దుఃఖంలో పాసుబుక్కు ట్రంకులో పడేసి ఈ డబ్బు పోగొట్టుకునే ఇళ్లున్నాయి. మరణం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఇంట్లో పోతే పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి చెప్పాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. ధ్రువపత్రం నకళ్లు ఐదారు ఒకేసారి తీసుకుంటే మళ్లీ మళ్లీ ఆ కిటికీ దగ్గర నిలబడి అదే పేరు చెప్పాల్సిన బాధ తప్పుతుంది.

తీరప్రాంత ఊళ్లలో ఇంకో దుఃఖం ఉంది, దానికి ఏ కర్మా లేదు. వేటకు వెళ్లి తిరిగిరాని మనిషి. శవం దొరకదు. ఇంట్లోవాళ్లది దింపుడు కళ్లం ఆశ అని ఊరంతా అనుకుంటుంది, పైకి అనలేదు. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల నుంచీ ఇలాంటి తెగని వియోగం గురించే పనిచేసింది. ఆమె చెప్పేదీ, మేం చూసేదీ ఒకటే: ‘ఇక రాడు, వదిలెయ్’ అని ఒత్తిడి పెడితే ఆ ఇల్లు ఇంకా బిగుసుకుపోతుంది. ‘రావచ్చు, రాకపోవచ్చు’ అన్న రెండింటినీ పక్కపక్కనే ఉండనివ్వాలి. బొట్టు తియ్యమనో, కర్మ చెయ్యమనో తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆశ నిలిచిన సందర్భాలూ ఉన్నాయి కదా. 2018 నవంబరులో గుజరాత్ తీరాన పాకిస్తాన్‌కు చిక్కిన మన జాలర్లలో 20 మంది 2020 జనవరిలో ఇల్లు చేరారు. మనసు దాని దారిన అది నడుస్తుంటే, కాగితాలు వాటి దారిన నడవాలి. మెరైన్ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ నకలు, మత్స్యశాఖకు అర్జీ మొదటి వారంలోనే పెట్టాలి. ఏడేళ్లు ఆచూకీ లేకపోతే మరణించినట్టు చట్టం భావించవచ్చు, అప్పుడు మొదటి రోజు కాగితమే ఆధారం. అర్జీ పెట్టడమంటే ఆశ వదులుకోవడం కాదని ఆ తల్లికి ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి.

చేబదుళ్ల బరువు గురించి మానసిక నిపుణులు రాయరు, లాయర్లూ రాయరు. బావమరిదికి ఇచ్చిన లక్ష. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు రెండు వేలు, ఐదేళ్లకు వడ్డీయే లక్షా ఇరవై వేలు. ఈ లెక్క ఇచ్చినవాడి తలలో ప్రతి నెలా ఒకటో తారీఖున నడుస్తూనే ఉంటుంది. అడిగితే చుట్టరికం పోతుంది, అడగకపోతే నిద్ర పోతుంది. ఇలా సగం పట్టుకుని సగం వదిలేసినదే అసలు బరువు.

నోటు బయటికి తీసి తేదీ చూడండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. 2024 మార్చి 10న రాసిన నోటుకు 2027 మార్చి 10 లోపు దావా వెయ్యాలి. ఆ లోపు అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత చెల్లించి, నోటు వెనక ఆ చెల్లు తన చేతితో రాసినా, సంతకం పెట్టినా ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. వెయ్యి రూపాయలైనా సరే. చెల్లు మీరే రాసుకుని ఆయన సంతకం లేకపోతే అది చెల్లు కాదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గడువు దాటాక పెట్టించిన చెల్లూ పాత గడువును లేపదు. తేదీ చూశాక దారులు రెండే. వసూలు చెయ్యాలనుకుంటే చెల్లు పెట్టించండి, లేదా లాయరు నోటీసు ఇవ్వండి. మొహమాటం అనుకుంటే ఊళ్లో ఒక పెద్దమనిషి సమక్షంలో నెలవారీ వాయిదాలు రాయించండి. వదిలేద్దామనుకుంటే నిజంగా వదిలెయ్యండి. నోటు మీద అడ్డంగా గీత కొట్టి ‘రద్దు’ అని రాసి తిరిగి ఇచ్చెయ్యండి. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆ మాట ఎత్తడానికి లేదు. అలా ఉండలేమనుకుంటే వదలొద్దు. ఇంకో సంగతి. భర్త దొడ్డమనసుతో మాఫీ చేసేస్తాడు, భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బది. ఆయన నెత్తి నుంచి దిగి ఆమె నెత్తికెక్కింది, అంతే. ఇద్దరూ ఒప్పుకున్నాకే గీత కొట్టండి.

పగలూ పంతాలూ కూడా ఇలాగే తేలాలి. గట్టు జరిపాడని పదిహేనేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఈ రెండు జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కోపం తగ్గించుకోవడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. సర్వే చేయించి రాళ్లు పాతించుకుని, అన్న గడప తొక్కవచ్చు. కోర్టులో ఉన్న తగాదాను లోక్ అదాలత్‌లో తేల్చుకుంటే ఆ తీర్పు మీద అప్పీలుండదు, కట్టిన కోర్టు రుసుము వెనక్కి వస్తుంది. అప్పీలు లేకపోవడం చాలామందికి లోటుగా తోస్తుంది. మా దృష్టిలో అదే దాని బలం, తగాదాకు ఒక చివర దొరుకుతుంది.

ఇక్కడే మీ వ్యాసాల మీద మా అసలు అభ్యంతరం. ‘వదిలెయ్’ అన్న మాట మన ఇళ్లలో ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే చెబుతారు. మొగుడు కొడితే వదిలెయ్యమ్మా. అత్త మాటంటే వదిలెయ్యమ్మా. తండ్రి పోయాక ‘పుట్టిల్లు కావాలా, అర ఎకరం కావాలా, సంతకం పెట్టేసి మనసు తేలిక చేసుకో’ అని ఆడపడుచుకు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఉందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ చెప్పింది, అప్పటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. వాటా ఇష్టపడి వదులుకుంటే అది ఆమె ఔదార్యం. కానీ హక్కు విడుదల పత్రం రిజిస్టరు అయ్యాక వెనక్కి తీసుకోవడం బహు కష్టం. కాబట్టి ఏడాది మైల తీరేదాకా ఏ కాగితం మీదా సంతకం వద్దు, ముసాయిదా ఇంటికి తెచ్చుకుని చదివించుకోండి. కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను 15100. ఇంట్లో చెయ్యి చేసుకుంటుంటే అది వదిలేసే బరువు కాదు. మహిళల సహాయ నంబరు 181కి గానీ, ప్రమాదం ముంచుకొస్తే అత్యవసర నంబరు 112కి గానీ ఫోను చెయ్యాలి.

రోజువారీ పనుల బరువు గురించి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచే చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస వైపు ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉంటే వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు మంచం మీదే. ప్రయాణం కలిపితే రోజంతా పోయినట్టే. రోగి బాధ అందరికీ కనిపిస్తుంది, వెంట వెళ్లే మనిషిది కనిపించదు. ఒక కాగితం మీద నాలుగు గడులు గియ్యండి: పని, ఎప్పుడు, ఎవరు చేస్తారు, ఎవరు గుర్తు పెట్టుకుంటారు. ఆటో మాట్లాడటం, రిపోర్టుల కవరు, నీళ్ల కొలత, ఉప్పు తగ్గించిన కూర, పిల్లల ఫీజు, జీడితోట కూలీలు... అన్నీ రాయండి. మూడో గడిలో రెండు మూడు పేర్లు ఉంటాయి. నాలుగో గడిలో పైనుంచి కిందిదాకా ఒక్క పేరే, ఆ ఇల్లాలిదే.

పని ఒప్పజెబితే ఆ రెండు గడులూ కలిపి ఒప్పజెప్పాలి. కొడుక్కి ఆటో పని ఇచ్చి, ముందురోజు సాయంత్రం ‘ఆటోకి చెప్పావేటి?’ అని అడిగితే ఆ పని ఇంకా తల్లి నెత్తి మీదే ఉన్నట్టు. మొదటి రెండు మూడు వారాలు పని అడ్డదిడ్డంగా నడుస్తుంది, ఒకనాడు ఆటో రాదు. నోరు కట్టుకోవాలి. మందుల మోతాదు, నీళ్ల కొలత మాత్రం ఇలా నేర్పుకుంటూ ఇచ్చే పనులు కావు, అవి తెలిసిన పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ఇక ఆమెకు వారానికి ఒక పూట సెలవు. డయాలసిస్ లేని రోజే పెట్టుకోవాలి, అందులోనూ రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు ఆ రెండో రోజు వద్దు. నీరు చేరి రోగికి ఆయాసం వచ్చేది అప్పుడే. మొదటి రోజు మంచిది. ఆ పూట ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోకపోతే ఇంట్లోనే ఉండి గిన్నెలు తోముతుంది.

తిత్లీ తుపానుకు, 2018 అక్టోబరు 11న, కూలిన కొబ్బరిచెట్ల లెక్క ఇప్పటికీ వేసుకునే రైతులున్నారు. వాళ్లకు మనసు గురించి చెప్పబోతే వినరు, న్యాయమే. మోడు తీయించి, గొయ్యి తవ్వి, మొక్క పెట్టడానికి ఎవరైనా వెంట నిలబడితే ఆ సాయంత్రం వాళ్లే మాట్లాడతారు.

ఇవన్నీ పనిచెయ్యని స్థితి ఒకటుంది. రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, తిండి తప్పడం రెండు వారాలకు మించితే అది బరువు దించుకునే విషయం కాదు, వైద్యం కావాలి. దగ్గరివాళ్లు పోయి ఆరు నెలలు దాటినా రోజు గడవడమే కష్టంగా, అదే తలపుగా ఉంటే అదీ అంతే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. ఇంట్లో ఎవరైనా ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’ లాంటి మాట అంటే ‘ఏటా మాటలు’ అని కసిరి ఊరుకోవద్దు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆ రాత్రి ఒంటరిగా ఉంచకండి. చావడి మూలనో, మంచం కిందో ఉన్న పురుగుమందు డబ్బాలను ఆ పూటే ఇంట్లోంచి తీయించి, వేరేచోట తాళం వేయించండి. గండం గడిచేదాకా ఆ తాళంచెవి ఆ ఇంట్లో ఉండకూడదు.

మీకో విన్నపం. మీ జిల్లా పేజీల్లో ప్రతిరోజూ శ్రద్ధాంజలి ప్రకటనలు వస్తాయి, ఇంట్లో మనిషి పోయినవాళ్లందరూ చూసే చోటు అది. దాని కింద రెండంగుళాల జాగా ఇచ్చి, మరణ నమోదుకు 21 రోజులు, పాసుబుక్కులో 436, 20 రూపాయల కోత, న్యాయసాయానికి 15100, మనసు బాగోకపోతే 14416 అన్న నాలుగు వరసలు రోజూ వేయించగలరా? ప్రకటనల విభాగం ఒప్పుకోకపోతే వారానికి ఒకసారైనా, మంగళవారం సంచికలో.

ఇట్లు,
కుటుంబ సలహా, మానసిక ఆరోగ్య కార్యకర్తలు,
శ్రీకాకుళం, విజయనగరం